ఇంటి హార్మోనియము

ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్టప్రాంతపు ఊళ్లలో సంగీతసభలు అరుదు. పాడుకొనవలెనను కోరిక గలవారికి అచ్చట రామమందిరమే సభ, హార్మోనియమే తోడు. భజనకును, నాటకమునకును అదియే ఆధారము. 1840 ప్రాంతమున పారిస్‌లో దెబెన్ రూపొందించిన కాలితొక్కుడు వాద్యమును కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ చేతితిత్తి పెట్టెగా మార్చెను. నేలపై కూర్చుండి వాయించు మనకు కుర్చీతో పనియేమి?

పండితులు మాత్రము దీనిని మన్నింపలేదు. ఆకాశవాణి 1940లో బహిష్కరించి, 1971లో గాని ఆ నిషేధమును కొంత సడలింపలేదు. ఆ ముప్పది యేండ్లును మన యిండ్లలో ఇది మూగవోలేదు.

అయినను వారి ఆక్షేపణ అకారణము కాదు. మెట్టుకొక స్థిరస్వరము, రెండు మెట్ల నడుమ గమకమునకు చోటు లేదు. తోడి గాంధారమును ఊపుటకు ఈ పెట్టెకు శక్తి చాలదు. వీణపై తీగ లాగి, వయొలినుపై వ్రేలు జార్చి సాధించుదానిని ఇచ్చట గొంతే సాధింపవలెను.

అంతమాత్రమున దీనిని విడువుమని నేననను. బడి ముగిసిన పిదప సాధన చేయు ఉపాధ్యాయులును, విద్యార్థులును షడ్జ పంచమములను మాత్రము నొక్కియుంచి తోడిని పాడి చూడుడు. అంతకు ముందు ఒక్క విద్వాంసుని తోడినే, రేడియోలోనో ఫోనులోనో, వారము దినములు వినుడు. దినమున కొక క్రొత్త రాగము వలదు. గాంధారము ఎచ్చట ఊగునో, ఎంతవరకు ఊగునో చెవికి పట్టుబడును. తిత్తిని మెల్లగా కదపుడు. గాలి హెచ్చినచో పెట్టె గొంతును మ్రింగివేయును.