గళ్ళబట్టలో సంస్థ గుర్తు: టార్టాన్ రూపకల్పన

ఒకప్పటి రెసిడెన్సీ బజారైన సుల్తాన్ బజార్‌లో గళ్ళబట్ట కొనేవారు రంగు, ధర చూస్తారు. ఆ గళ్ళు ఎవరివని అడగరు. స్కాట్లాండ్‌లో ఆ ప్రశ్నకు 2008లో చట్టమే వచ్చింది.

అక్కడ సొంత టార్టాన్ కోరే సంస్థ ముందుగా తన చరిత్రకు తగిన రంగులను ఎంచుకుంటుంది. రూపకర్త వాటిని పోగుల లెక్కగా మారుస్తాడు: ఏ రంగు ఎన్ని పోగులు, ఏ వరుసలో. సాధారణంగా పడుగుకూ పేకకూ ఒకటే వరుస. నాలుగు రంగులు తీసుకుంటే నేతలో పది ఛాయలు తేలుతాయి: నాలుగు అచ్చమైనవి, ఆరు కలగలుపువి. రంగులు పెరిగేకొద్దీ గుర్తు మసకబారుతుంది. నేత తెలియని కమిటీలకు నచ్చజెప్పవలసింది ఇదే. ఆపైన నమూనా కొత్తదని, పేరుతో సంస్థకు సంబంధముందని చూపి, 2009లో మొదలైన టార్టాన్ల రిజిస్టర్‌లో నమోదు కోరాలి. ఆ నమోదు మేధోసంపత్తి హక్కునివ్వదు.

పుట్టపాక తేలియా రుమాలు తీరు వేరు. దాని నమూనా నేతకు ముందే, కట్టి రంగువేసిన నూలులో ఉంటుంది. 2020లో లభించిన భౌగోళిక గుర్తింపు ఏదో ఒక సంస్థ చిహ్నానికి కాదు, ఆ ప్రాంతపు నేతకు.

తెలుగునాట ఒక సంస్థ తన గళ్ళను కాపాడుకోదలిస్తే 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. అయితే బట్ట బయటికి రాకముందే దరఖాస్తు చేయాలి. రక్షణ పదేళ్ళు, పొడిగిస్తే మరో ఐదేళ్ళు. అది ముగిశాక ఆ గళ్ళను సుల్తాన్ బజార్‌లో ఎవరైనా అమ్మవచ్చు.