నేరేడుపండూ – పెద్దపేగూ

నాకు తెలుగు పాఠాలు చెప్పుకోవడమే గాని వైద్యం తెలియదు. అయినా మా బావ పుణ్యమా అని నిరుడంతా పేగులను గురించి చదవవలసి వచ్చింది.

మా బావది దేవరకొండ దగ్గర పల్లె. ఆయన చేనిగట్టున నేరేడుచెట్టు వుంది. తొలకరిలో నోరంతా ఊదారంగు చేసుకోనిదే ఆయనకు యేడు గడిచినట్టుండదు. నిరుడు మలంలో నెత్తురు పడుతుంటే, "మొలలురా, అవే పోతయి" అన్నాడు. పట్నంలో యెవరో అంటగట్టిన పండ్లసారం సీసాలు ఆరునెలలు తాగాడు. "పేగులు కడిగినట్టు శుభ్రమవుతాయి" అని సీసామీద అచ్చువేసి వుంది మరి!

ఆ మాటలో నిజమెంత? కొంత లేకపోలేదు. నేరేడుపండుకు ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు చిన్నపేగులో చాలావరకు ఇంకవు, పెద్దపేగుదాకా పోతాయి. అక్కడ సూక్ష్మజీవుల మహానగరమే వుంది. మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులున్నాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే కాపురం. అవి ఆ రంగుపదార్థాన్ని విరిచి చిన్నచిన్న పదార్థాలుగా మారుస్తాయి. పండులోని పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు లోపలి గోడలోని కణాలకు ముఖ్యమైన ఆహారం అదే.

అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు నల్ల రాస్బెర్రీ పండ్ల పొడిని యెలుకలకు పెట్టి చూశారు. పెద్దపేగులో గడ్డలు తగ్గాయి. కాని మనం యెలుకలం కాము గదా! మనుషుల మీద జరిగినవి చిన్న పరీక్షలే. పైగా అందరి కడుపుల్లోనూ ఒకే సూక్ష్మజీవులుండవు. ఒకరికి పనిచేసిన పండు మరొకరికి అంతగా పనిచేయకపోవచ్చు. వడగట్టిన సారంలో పీచూ అంతగా మిగలదు. అన్నిటికీ మించి, పుట్టిన పుండును మాన్పే పండ్లసారం యేదీ లేదు.

చివరకు మా అక్క ఆయనను బలవంతాన హైదరాబాదు తీసుకుపోయింది. గొట్టంతో లోపలికి చూసే కొలనోస్కోపీ పరీక్ష చేశారు. పెద్దపేగులో కంతి! "ఆర్నెల్ల కిందటే రావలసింది" అన్నాడు డాక్టరు. బావ తల వంచుకున్నాడు.

"తియ్యటి మందని తాగితివి. నా చేదుమాట వింటివా?" అన్నది అక్క, కండ్లొత్తుకుంటూ.

ఆపరేషన్ అయింది. బావ దక్కాడు. పెద్దపేగు కాన్సరులు చాలావరకు చిన్న మొటిమల్లాంటి పెరుగుదలలుగా మొదలై యేండ్ల తరబడి ముదురుతాయట. ముందే కనిపెడితే ఆ గొట్టంతోనే తీసివేయవచ్చునట.

పండ్లు మానమనడం లేదు. మా నల్లగొండ, పాలమూరు మెట్టల్లో నేరేడుకూ, రేగుకూ, సీతాఫలానికీ కొదువలేదు. కాలాన్నిబట్టి పండుగానే తినండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తోడుచేయండి. కాని నెత్తురు పడినా, విరేచనం తీరు మారి వారాల తరబడి అలాగే వున్నా, కారణం లేకుండా చిక్కిపోతున్నా ఆలస్యం చేయకండి.

ఈ తొలకరికి బావ బస్సులో బుట్టెడు నేరేడుపండ్లు పంపి, ఫోను చేశాడు. "కడుపునిండ తినుండ్రి. నెత్తురు గనపడితే మాత్రం నా చెట్టుకాడికి రాకుండ్రి, డాక్టరు కాడికి పోండ్రి!"