లైసెన్సు మార్పు – రచయితల సమ్మతి

గత భాగంలో జీపీఎల్, ఎల్‌జీపీఎల్, అపాచీ లైసెన్సుల తేడాలు చదివారు. ఇప్పుడు ఒక ప్రశ్న. వందలమంది కలిసి రాసిన ప్రోగ్రాము లైసెన్సును మార్చే హక్కు ఎవరిది? "ప్రాజెక్టు నడిపేవారిది" అని నా తరగతుల్లో చాలామంది చెప్పేవారు. ఆ జవాబు తప్పు.

మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలోనే చేర్చింది. కోడ్‌లో ఎవరు రాసిన భాగానికి వారే హక్కుదారులు. ప్రాజెక్టుకు కోడ్ పంపినంత మాత్రాన ఆ హక్కు చేతులు మారదు. అప్పటి లైసెన్సు షరతుల మేరకు వాడుకునే అనుమతి మాత్రమే అందుతుంది. షరతులు మార్చాలంటే మళ్లీ వారినే అడగాలి.

మీరు వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌నే తీసుకోండి. 1996లో పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో జీపీఎల్ కింద విడుదలైంది. దాని ఇంజిన్‌ను కలుపుకొని తయారుచేసిన అప్లికేషన్‌ను పంచిపెట్టాలంటే అదీ జీపీఎల్ కిందే ఉండాలి. ఈ ఇబ్బంది తొలగించడానికి 2011లో ఇంజిన్‌ను, 2012లో అత్యధిక మాడ్యూళ్లను ఎల్‌జీపీఎల్‌కు మార్చారు. ఇందుకోసం జాన్-బాప్టిస్ట్ కెంఫ్ 200 మందికి పైగా రచయితలను వెతికి పట్టుకోవలసి వచ్చింది. అనుమతి దొరకని కొన్ని మాడ్యూళ్లు పాత లైసెన్సులోనే మిగిలిపోయాయి.

వెతకడం ఒక్కటే కష్టం కాదు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే అవుతుంది. అప్పుడు రచయిత "సరే" అన్నా చెల్లదు. రచయిత మరణిస్తే హక్కు వారసులకు చేరుతుంది. మన దేశంలో అది మరో 60 ఏళ్లు ఉంటుంది. కొడుకు రాసిన కోడ్ ఏమిటో తెలియని తల్లిదండ్రులకు లైసెన్సు సంగతి వివరించవలసి రావచ్చు.

మరి జవాబే రాకపోతే? 2017లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్రాజెక్టు తన రచయితలకు లేఖలు పంపి, జవాబివ్వనివారికి అభ్యంతరం లేదని భావిస్తామంది. దానిపై గట్టి విమర్శలు వచ్చాయి. నా అభిప్రాయమూ అదే: మౌనం అర్ధాంగీకారమనే మాట పెళ్లి చూపుల్లో చెల్లుతుందేమో గాని, కాపీరైట్‌లో చెల్లదు. 2021లో వెలువడిన 3.0 విడుదలతో అది అపాచీ లైసెన్సులోకి మారింది.

జవాబు రాని భాగాన్ని తీసివేసి, పాత కోడ్ చూడని వ్యక్తిచేత కొత్తగా రాయించడం క్షేమమైన మార్గం. ఈ బాధ పడలేక కొన్ని సంస్థలు కోడ్ స్వీకరించేముందే లైసెన్సు మార్చుకునే అధికారం తమకిచ్చే ఒప్పందంపై సంతకం అడుగుతాయి. ఆ సంతకం చేశాక, రేపు ఆ సంస్థ మీ కోడ్‌ను కఠినమైన లైసెన్సు కిందకు మార్చినా మిమ్మల్ని మళ్లీ అడగనక్కరలేదు.