ఆటయందు పెరుగునదెవరు?

వీడియో ఆటలన్నియు నొక్కటేయని పెద్దలలో ననేకులు తలంచుచుందురు. ఆడు బాలురకు మాత్రము వీనిలో పెక్కు జాతులు కలవని తెలియును. చదరంగమునకును చెడుగుడునకును ఎంత భేదము కలదో, వీనిలో కొన్నింటికి నంత భేదము కలదు. అట్టి జాతులలో రెండింటిని మేము ఆడి చూచినవారమగుటచే, వానిని గూర్చి మా యభిప్రాయములను విద్యార్థులకు తెలుపదలచితిమి. మొదటిది అంతరిక్ష యుద్ధక్రీడ. ఇందు ఆడువాడు ఆకాశనౌకను నడిపి పోరును. రెండవది యాక్షన్ రోల్ ప్లేయింగ్ అనబడు క్రీడ. ఇందు ఒక వీరుని పాత్రను ధరించి, రాక్షసులతో పోరి, ఆ వీరుని బలమును క్రమక్రమముగా పెంచును. ఈ రెంటిని తూచుటకు మేము గైకొన్న త్రాసు ఒక్క ప్రశ్నయే: కాలము గడచినకొలది పెరుగునదెవరు? తెరమీది వీరుడా, తెరయెదుట కూర్చున్నవాడా?

అంతరిక్ష యుద్ధక్రీడ కంప్యూటరు ఆటలలో మిక్కిలి పురాతనమైన వానిలో నొకటి. 1962వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రసెల్ అనునతడు మిత్రుల తోడ్పాటుతో పీడీపీ-1 అను కంప్యూటరుపై స్పేస్‌వార్ అను ఆటను కల్పించెను. తెర నడుమ ఒక నక్షత్రము. దాని ఆకర్షణకు లోబడి తిరుగు రెండు నౌకలు. ఒక్కొక్క నౌకకు ఒక్కొక్క ఆటగాడు. ఇంధనము పరిమితము, అస్త్రములును పరిమితములే. ఎన్ని పర్యాయములు గెలిచినను నౌకకు లేశమైనను బలము చేకూరదు. నూఱవ పోరునాటికి మాఱునది ఆడువాని చేయియు కన్నును మాత్రమే.

1984లో ఇంగ్లండునందు కేంబ్రిడ్జి విద్యార్థులైన డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనువారు రచించిన ఎలైట్ అను ఆట ఈ జాతికి గొప్ప కీర్తి తెచ్చెను. అది మొదట నడచిన బీబీసీ మైక్రో కంప్యూటరునకు 32 కిలోబైట్ల జ్ఞాపకస్థలము మాత్రమే కలదు. అయినను అందు 8 నక్షత్రమండలములు, ఒక్కొక్కదానిలో 256 లోకములు, వెరసి 2,048 లోకములు ఇమిడెను. వాని వివరములను వ్రాసి దాచక, కావలసినప్పుడెల్ల గణితసూత్రముచే పుట్టించుటయే ఇందలి రహస్యము. ఆడువాడు 100 క్రెడిట్ల సొమ్ముతో వర్తకమారంభించి, దొంగనౌకలతో పోరుచు సాగవలెను. అన్నిటికంటె కష్టమైనది రేవు చేరుట. అంతరిక్షకేంద్రము నిరంతరము తిరుగుచుండును. ఆ తిరుగుడుతో సమముగా మన నౌకను త్రిప్పుచు, దానిని సన్నని ద్వారమున దూర్పవలెను. ఈ పనిని తానే నెఱవేర్చు యంత్రమొకటి ఆటలోనే వెలకు దొరకును. అది కొన్నవానికి శ్రమ తప్పును. కాని ఆ ఆటలోని శ్రేష్ఠమైన ఆనందము కూడ తప్పిపోవునని మా యభిప్రాయము.

స్టార్ వార్స్ చలనచిత్రముల ననుసరించి 1993లో ఎక్స్-వింగ్, 1994లో టై ఫైటర్ అను ఆటలు వెలువడెను. ఎక్స్-వింగ్ నందు నౌకకు గల శక్తిని వేగమునకు కొంత, ఆయుధములకు కొంత, రక్షణకవచమునకు కొంత పంచవలెను. ఒకదానికి హెచ్చించిన మఱియొకదానికి తగ్గును. ఒక్క జీతముతో బియ్యమునకు, బడికి, వైద్యునికి సరిపెట్టు ఇల్లాలి నేర్పు వంటి నేర్పు ఇచట కావలెను. అదియు రెప్పపాటులో కావలెను.

ఈ క్రీడలయందు ఒక లోపము కలదు. పెక్కింటిలో నౌకలు గాలిలో నెగురు విమానములవలె వంపులు తిరుగును, యంత్రమాపగనే నిలిచిపోవును. శూన్యమున కదలు వస్తువు, దానిని నిరోధించు బలము లేనిచో, కదలుచునే యుండునని న్యూటను సూత్రము చదివినవారెల్లరు నెఱుగుదురు. 1993లో వచ్చిన ఫ్రాంటియర్ అను ఎలైట్ రెండవ భాగమున ఈ సూత్రమును పాటించిరి. కాని పోరాటమున నౌకలు రెండును అతివేగమున ఒకదానినొకటి దాటిపోవుటచే, అనేకులకు రుచింపలేదు. శాస్త్రమునకు సరిపడినదెల్ల వినోదమునకు సరిపడదు.

ఇక రెండవ జాతికి వత్తము. 1996 సంవత్సరాంతమున వెలువడిన డయాబ్లో ఇందు ప్రసిద్ధము. చదరంగమువలె వంతులవారీగా నడుచునట్లు దీనిని మొదట తలపెట్టి, పిమ్మట ఎడతెగని పోరుగా మార్చిరి. ట్రిస్ట్రమ్ అను గ్రామమున దేవాలయము క్రింద 16 అంతస్తులు కలవు. క్రొత్తగా ఆట మొదలిడినప్పుడెల్ల వాని దారులు మాఱును. చచ్చిన రాక్షసుడు ఏ ఖడ్గమును విడుచునో ముందుగా తెలియదు. ఈ తెలియకపోవుటయే గట్టి ఉచ్చు. లాటరీ చీటి కొన్నవాడు మఱియొక చీటికై చేయి చాచునట్లు, ఆడువాడు "ఇంకొక్క రాక్షసుడు" అనుకొనుచు అర్ధరాత్రి దాటించును. నిన్న మనలను చంపిన రాక్షసుడు నేడు ఒక్క వ్రేటుతో కూలును. మన చేయి మెఱుగుపడెనా? ఒక్కొక్కప్పుడు పడియుండవచ్చును, తఱచుగా వీరుని పేరు ప్రక్కనున్న అంకె మాత్రమే పెరిగినది.

అయినను ఈ జాతిని తృణీకరింపరాదు. 2000లో వచ్చిన రెండవ డయాబ్లోలో ఏ విద్యను పెంచవలెను, దేనిని విడువవలెను అను నాలోచన బుద్ధికి మేలైన పనియే. కాని అంకెయే సర్వస్వమైనచో, దానిని అంగడిలో కొనవచ్చునుగదా! 2012 నాటి మూడవ డయాబ్లోలో అట్లే జరిగెను. ఆయుధములను నిజమైన డబ్బునకు వేలమున అమ్ముకొను ఏర్పాటు చేసిరి. గెలిచి సంపాదించవలసినది బేరమున దొరకుటచే ఆట చప్పబడెను. 2014లో నిర్మాతలే ఆ వేలశాలను మూసివేసిరి.

ఈ రెండు గుణములను కలిపినది 2011లో జపానునందు వెలువడిన డార్క్ సోల్స్. ఇందును వీరునికి అంకెలు కలవు. కాని చచ్చినచో కూడబెట్టిన ఆత్మధనము అచ్చటనే పడిపోవును. మఱల అచ్చటికి చేరకమునుపే చచ్చినచో శాశ్వతముగా పోవును. కావున శత్రువుని కదలికను ఓర్పుతో గమనించి నేర్వవలెను. వీరుని మొదటి స్థాయినుండి ఒక్క మెట్టయిన ఎక్కింపకయే దీనిని ముగించినవారు కలరు. ఇచట అంకె చేతికఱ్ఱ మాత్రమే, నడక మనది.

విద్యార్థులారా, బడిలోను ఈ ప్రశ్న కలదు. లెక్క తెలియకయే మార్కులు తెచ్చుకొనువాడు, రేవు చేర్చు యంత్రమును కొన్న నావికుని వంటివాడు. ఆటను మేము నిషేధింపము. ఆడి లేచునప్పుడు, "ఈ గంటలో నాకేమి వచ్చినది?" అని యెవరికి వారు ప్రశ్నించుకొనుడు. కంటికి చురుకుదనమో, ఓటమిని సహించు గుణమో, మిత్రునితో కలసి నవ్విన నవ్వో వచ్చినచో ఆ గంట వ్యర్థము కాదు. తెరమీది అంకె యొక్కటియే పెరిగినచో, కంప్యూటరు నాపి నిద్రింపుడు; మఱునాడు అది మిమ్ముల నేమియు నడుగదు.