ఇంటిలో భాషాబోధనము: వెల లేని అంతర్జాల సాధనములు

భాష నేర్చుట యనగా నాలుగు పనులు నేర్చుట: వినుట, మాటాడుట, చదువుట, వ్రాయుట. మొదటి రెండింటిని శిశువు బడిలో చేరకమునుపే ఇంట నేర్చుచున్నాడు. తక్కిన రెంటిని మనము బడి కప్పగించితిమి. ఈ పంపకము చిరకాలము నడచినది, నేడు సడలినది. తెలుగును పాఠశాలలందు తప్పక బోధింపవలెనని తెలంగాణ రాష్ట్రము 2018లో చట్టము చేసినది. 2022-23 విద్యాసంవత్సరమున ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఈ రెంటి ఫలితముగ తెలుగు ప్రతి బాలుడును చదువవలసిన విషయమే అయినను, అనేకులకు అది దినమున కొక గంట చదువుగ నిలిచినది. గణితమును, విజ్ఞానమును, చరిత్రను మరియొక భాషలో చదువు బాలునకు తెలుగు వాక్యము కంటబడు తావులు తక్కువ. ఆ తరుగును పూడ్చుటకు ఇంటి సాయము కావలసియున్నది.

ఇంటికి అంతర్జాలము తోడుపడునని పలువురి ఆశ. కథలు, నిఘంటువులు, పద్యములు, పాఠములు వెల లేకుండ అందు దొరకుచున్నవి. అవి యెట్టివి, ఎంతవరకు పనికివచ్చును, ఏ క్రమమున వానిని వాడవలెను అను మూడు ప్రశ్నలను, ఖిలా వరంగల్లులోని గృహములను దృష్టియందుంచుకొని, ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

కాకతీయుల రాజధానియైన ఓరుగంటికోట నేడు కేవలము శిథిలము కాదు. రాతిగోడకు లోపలను, మట్టికోటకు ఇవతలను సంసారములు సాగుచున్నవి. తోరణస్తంభములకు అనతిదూరమున పిల్లలు ఆడుకొనుచున్నారు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు తిరిగి చూచిన పట్టణ మిదియే. పోతన ఊరుగా పేర్కొనబడు బమ్మెర ఈ సీమలోనిదే.

ఈ సీమకు ఇంటిచదువు క్రొత్త గాదు. నిజాము పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే సాగినది. ఆ దినములలో తెలుగు చదువు నిలిచినది వీధిబడులలోను, ఇండ్లలోను, గ్రంథాలయములలోను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు, కొనజాలని వానికి పుస్తక మందింపవలెనను తలంపుతోనే వానిని స్థాపించిరి. అంతర్జాలమును ఆ తలంపునకే నేటి రూపమని చెప్పవచ్చును. అయినను రెంటికి నొక భేదము కలదు. గ్రంథాలయమున పుస్తకములతోపాటు ఒక మనుష్యుడుండెడివాడు. బాలుని ముఖము చూచి, ఇది నీకిప్పుడు వలదు, దీనిని తీసికొనుమని చెప్పెడివాడు. అంతర్జాలమున పుస్తకములు కలవు. ఆ మనుష్యుడు లేడు. మేము చెప్పబోవు విషయమంతయు ఈ లోటును గురించినదే.

మొదట 'ఉచితము' అను మాటను విడదీసి చూడవలెను. వెల లేకుండ చదువనిచ్చుట యొకటి. ప్రతి తీసి పంచనిచ్చుట రెండవది. మార్చి, అనువదించి, మన అవసరమునకు తగినట్లు దిద్దుకొననిచ్చుట మూడవది. అంతర్జాలమున కనబడు పుస్తకమంతయు ఈ మూడు విధములను ఉచితము గాదు. మన దేశపు చట్టము ననుసరించి రచయిత జీవితకాలమును, మరణానంతరము అరువది సంవత్సరములును గ్రంథస్వామ్యము నిలుచును. ఆ గడువు దాటిన ప్రాచీనరచనలు తెలుగు వికీసోర్సు వంటి చోట్ల స్వేచ్ఛగ లభించును. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్ కథలు క్రియేటివ్ కామన్స్ అనుమతితో వెలువడినవి. రచయిత పేరు, చిత్రకారుని పేరు, మూలము తెలిపినచో వానిని అచ్చువేసి పంచవచ్చును, మార్చుకొనవచ్చును. ఉపాధ్యాయునకు ఈ భేదము తెలియుట ముఖ్యము. ఫోను లేని ఇంటికి కథ చేరవలెనన్న అచ్చు ప్రతియే చేరవలెను గదా!

ఇక సాధనములను నైపుణ్యముల వారిగ చూతము.

వినుటకు పనికివచ్చునవి కొన్ని కలవు. పోతన భాగవతమునకై వెలసిన తెలుగుభాగవతము అను వెబ్‌సైటున పద్యములకు ప్రతిపదార్థము, భావము సమకూర్చి, వినుటకు వీలుగ పఠనమును చేర్చిరి. చిన్నవానికి పద్యార్థము తెలియకున్నను కొరతలేదు. యతి నిలుచు తావు, గణముల నడక చెవికెక్కుటయే చాలును. కొన్ని స్టోరీవీవర్ కథలకు చదివి వినిపించు రూపము కూడ కలదు. 2020లో బడులు మూతపడినప్పుడు సెప్టెంబరు నుండి టీశాట్, దూరదర్శన్ ద్వారమున పాఠములు ప్రసారమైనవి. ఫోను లేని ఇండ్లకు ఆనాడు దూరదర్శనము చేసిన సాయము తక్కువది గాదు. అయినను విని ఊరకుండుట వినుట గాదు. విన్నదానిని బాలుడు తన మాటలలో మరల చెప్పవలెను. వినువాడొకడు ఎదుట లేనిదే ఆ పని జరుగదు.

మాటలు తెలిసికొనుటకు నిఘంటువులు మిక్కుటముగ కలవు. ఆంధ్రభారతి వెబ్‌సైటున ఒక మాటను వ్రాసి వెదకినచో శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌను నిఘంటువు మొదలగు పెక్కు కోశముల అర్థములు ఒక్కచోట దర్శనమిచ్చును. చికాగో విశ్వవిద్యాలయమువారి సంచయమున బ్రౌను నిఘంటువు 1903 నాటి ప్రతియు, గ్విన్ 1991లో ప్రకటించిన నిఘంటువును కలవు. గ్విన్ కోశము నేటి వ్యవహారమునకు చేరువైనది గనుక తల్లిదండ్రులకు మేలు. శబ్దరత్నాకరము పెద్దలకు గాని పిల్లలకు గాదు. ఒక మాటకు అర్థము వెదకినచో మరి నాలుగు తెలియని మాటలెదురగును.

చదువుటకు పాఠ్యపుస్తకములు రాష్ట్ర విద్యాపరిశోధన శిక్షణ సంస్థ వెబ్‌సైటున లభించుచున్నవి. 2017లో వెలసిన దీక్షా వేదికను పుస్తకపు పుటలపైనున్న క్యూఆర్ కోడు ద్వారా చేరవచ్చును. ఇంటర్నెట్ ఆర్కైవున వేలకొలది పాత తెలుగు పుస్తకముల ప్రతిబింబము లున్నవి. అవి పరిశోధకునకు నిధి, చిన్నవానికి చీకటిగది. చిన్నవానికి తగినవి స్టోరీవీవర్ బొమ్మకథలు. వీనిని నాలుగు మెట్లుగ విభజించిరి. మొదటి మెట్టున మాటలును, చిన్నవాక్యములును. నాలుగవ మెట్టున స్వయముగ చదువు నేర్పు గల బాలునకు తగిన దీర్ఘకథలు.

ఈ మెట్ల విషయమున ఉపాధ్యాయులు జాగరూకులై యుండవలెను. కథయందలి మాటల సంఖ్య ఈ విభజనమున ముఖ్యమైన కొలత. ఆ కొలత ఆంగ్లమునకు తగును. తెలుగున 'రాలేకపోయితిమి' అను నొక్క మాటలో కర్తయు, కాలమును, వ్యతిరేకమును, అశక్తతయు ఇమిడియున్నవి. కావున తక్కువ మాటలున్న తెలుగు కథ తేలికైన కథ యని చెప్పరాదు. ఇది యట్లుండగా, తెలుగు బాలునకు తొలి అడ్డంకి మాటలో గాక అక్షరములో కలదు. వల, తల, కడవ అను మాటలు మొదటి మెట్టు. మేక, కోడి, గూడు అను గుణింతపు మాటలు రెండవది. అమ్మ, పిల్లి, పువ్వు అను ద్విత్వములు మూడవది. చంద్రుడు, పుస్తకము అను సంయుక్తములు నాలుగవది. రాష్ట్రము, శాస్త్రము అను సంశ్లేషములు చివరివి. పెద్దబాలశిక్షతో చదువుకొన్న మన పెద్దలకు ఈ క్రమము నోటికి వచ్చినదే. మరియొక భాషనుండి తెలిగించిన మొదటి మెట్టు కథలో 'ఉత్సాహము', 'ఆశ్చర్యము' మొదటి పుటలోనే తగులవచ్చును. బాలుడచ్చట ఆగును, తల్లి వానిని మందమతి యని తలంచును. తప్పు బాలునిది గాదు, మెట్టుది. కథను ఇంటి కిచ్చుటకు ముందు దాని అక్షరములను పరిశీలించుట మన పని.

వ్రాయుటకు అంతర్జాలము చేయు సాయము మిక్కిలి కొద్ది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రతిలోనే తెలుగునకు చోటు దొరకినది. నేడు ఫోనులో తెలుగు వ్రాయుట సులభము. కాని తలకట్టు పెట్టుట, వత్తును దాని చోట నిలుపుట చేతితో నేర్వవలసిన పనులు. పలకయు, పుస్తకమును ఇంటనుండి తొలగిపోరాదు.

ఇంతవరకు సాధనముల మాట. ఇక వాడుక మాట. ఇచ్చట మా పొరపాటొకటి చెప్పుకొనవలసియున్నది. కోటలో మేమెరిగిన ఒక ఇంట మూడవ తరగతి చదువు బాలిక కలదు. తల్లి పదవ తరగతి చదివినది. నాయనమ్మకు అక్షరములు రావు. తల్లి అడుగగా, పైన చెప్పిన సాధనములను మరికొన్నింటిని కలిపి ఇరువది పేర్లు గల పట్టిక వ్రాసి యిచ్చితిమి. గొప్ప ఉపకారము చేసితిమని తలంచితిమి. నెల గడచిన పిదప అడిగినచో వానిలో నొక్కటియు తెరవలేదని ఆమె సిగ్గుపడుచు చెప్పినది. ఏది ముందు, ఏది వెనుక యని ఆమెకు తెలియలేదు. సిగ్గుపడవలసినది ఆమె గాదు, మేము.

పట్టికను ప్రక్కన బెట్టి, ఒక్క బొమ్మకథను తెరచి, బాలికను నాయనమ్మ ప్రక్కన కూర్చుండబెట్టితిమి. బాలిక కూడబలుకుచు చదువుచుండగా 'మజ్జిగ' అను మాట వచ్చినది. నాయనమ్మ, "మజ్జిగంటే సల్లనే గద బిడ్డా" అన్నది. బాలిక వెంటనే, "సల్ల అనొద్దట నాయనమ్మా, అది తప్పట, బళ్ళె చెప్పిన్రు" అన్నది. ముదుసలి మారు పలుకలేదు. తన నోటి మాట తప్పని మనుమరాలు చెప్పగా ఆమె ముఖము చిన్నవోయినది.

అప్పుడు ఫోనులో ఆంధ్రభారతిని తెరచి 'చల్ల' అని వెదకి బాలికకు చూపితిమి. మజ్జిగ యని అర్థము కనబడినది. ప్రాచీనమైన మాట అది; అందలి దంత్యచకారము (ౘ) జనుల నోట సకారముగ వినబడుచున్నది, అంతియే. చాప సాపయైనట్లు, చుక్క సుక్కయైనట్లు చల్ల సల్లయైనది. ఇది విని నాయనమ్మ తేరుకొని, "సల్లకొచ్చి ముంత దాసినట్టు అని ఊకెనే అన్నరా?" అన్నది. బాలిక నవ్వి, ఆ సామెత అర్థ మడిగి తెలిసికొని, దానిని తన పుస్తకమున వ్రాసికొన్నది. నోటి మాటను పలికినట్లే వ్రాసి, దాని ప్రక్క 'చల్ల' అని గ్రంథరూపమును వ్రాసినది. బడి పాఠమును చూచి దింపుట గాక, ఆ పిల్ల తనంతట వ్రాసిన తొలి తెలుగు వాక్యమది యని తల్లి చెప్పినది.

ఈ చిన్న సంగతిలో మా సిద్ధాంతమంతయు కలదు. కథ ఉచితముగ దొరకినది, నిఘంటువు ఉచితముగ దొరకినది; కాని ఆ రెంటిని కలిపినది అక్షరము రాని నాయనమ్మ మాట. అంతర్జాలమున నున్న తెలుగులో అధికభాగము పత్రికల, పాఠ్యపుస్తకముల తెలుగు. ఓరుగల్లు బాలుడు ఇంట వినునది వేరు. అతనికి మక్కలు తెలియును, మొక్కజొన్నలు పుస్తకమున కనబడును. ఇంటి మాటను తప్పనినచో బాలుడు పుస్తకపు మాటను నేర్చుటకు మారుగ రెంటియందును మౌనము నేర్చును. ఇంటి మాటనుండి పుస్తకపు మాటకు వంతెన వేసినచో రెండును అతని సొత్తగును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము, నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశము వంటివి ఈ వంతెనకు రాళ్ళు.

క్రమము విషయమున మా సూచన స్వల్పము. వారమునకొక్క కథ చాలును. మొదటి దినము పెద్దలు చదివి వినిపింపవలెను. అక్షరాస్యులు లేని ఇంట వినిపించు రూపమును వాడవచ్చును. రెండవ దినము బాలుడు కథను ఇంటి మాటలలో చెప్పవలెను, ఎవరును దిద్దరాదు. మూడవ దినము తానే చదువవలెను. నాలుగవ దినము కథలోని మూడు మాటలకు ఇంటిలో నేమందురో అడిగి వ్రాయవలెను. అయిదవ దినము తాను చూచిన దొకదానిని గురించి అయిదు వాక్యములు వ్రాయవలెను. కోటలోని పిల్లలకు వస్తువు కొరత లేదు. ఇద్దరు మిత్రులు ఒకనాడు ఈ పట్టణము తిరిగి చూచిన దానితో ఒక కావ్యమే పుట్టినది. కీర్తితోరణమునుండి ఖుష్‌మహలు వరకు నడచిన బాలునకు అయిదు వాక్యములు పుట్టకపోవునా? ఈ క్రమమున ఫోను పని దినమున కొక పావుగంటకు మించదు. ఇంటికొక్కటే ఫోను ఉండి, అది పగలంతయు తండ్రితో పోవునను అభ్యంతరమునకును ఇదియే సమాధానము.

కడపట పరిశోధకులకు మనవి. తెలుగున వెల లేని బాలసాహిత్యము అంతర్జాలమున కొరవడలేదు. దానిని మన అక్షరక్రమమున మెట్లుగ అమర్చి, ప్రతి కథకును ఆయా సీమల ఇంటిమాటలను జోడించు పని కొరవడినది. ఒక్కొక్క విద్యార్థి ఇరువది కథలను చేపట్టి, సంయుక్తాక్షరములను లెక్కించి, తన ఊరి మాటలను చేర్చి, అనుమతి గలవానిని అచ్చొత్తించి సమీప గ్రంథాలయమున నుంచినచో, అంతర్జాలమున లేని ఆ మనుష్యుని స్థానము కొంత నిండును. సిద్ధాంతవ్యాసమునకు అది చిన్న విషయముగ తోచవచ్చును. ఒక నాయనమ్మ మాట ఆ ఇంట నిలుచుటయా, మాసిపోవుటయా అనునది దానిపై ఆధారపడియున్నది గనుక, మాకది చిన్న విషయముగ తోచుట లేదు.