బాలింతను అడిగేదెవరు?

కాన్పు తర్వాత కుంగిపోయే తల్లికి సాయం ఎక్కడ దొరుకుతుందో రాయమన్నారు ఎడిటర్. గురువారానికల్లా ఇవ్వాలన్నారు. ఫోన్ నంబర్లు, ఆసుపత్రుల పేర్లు పోగేస్తుంటే ఒక కాగితం చేతికొచ్చింది. పది ప్రశ్నలు, అయిదు నిమిషాల పని. చదివాక మిగతావన్నీ పక్కకు నెట్టాను.

అది కాన్పు తర్వాతి కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో కొలమానం. జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ 1987లో ప్రచురించారు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, నీరసంగా ఉందా అనడిగే ప్రశ్నపత్రాలు అప్పటికే ఉన్నాయి. పచ్చి బాలింతను అవి అడిగితే ఏం తెలుస్తుంది? రాత్రంతా బిడ్డ లేపుతుంటే ఎవరికైనా నీరసమే. అందుకని వీళ్లు ఒంటి సంగతులు వదిలి మనసు సంగతి అడిగారు. నవ్వొచ్చే చోట నవ్వగలుగుతున్నారా? రేపటి మీద ఆశ ఉందా? ప్రతిదానికీ మిమ్మల్ని మీరే తప్పుపట్టుకుంటున్నారా? కారణం లేకుండా భయం, కంగారు పుడుతున్నాయా? నిద్ర మీద ఒక్క ప్రశ్నే ఉంచారు, అదీ దిగులుతో నిద్ర దూరమైందా అని. పదోది, ప్రాణానికి హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని.

అన్నీ గడిచిన 7 రోజుల గురించే. ఒక్కో జవాబుకు 0 నుంచి 3, మొత్తం 30. సాధారణంగా 13 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యులు చూడాలంటారు, కొన్నిచోట్ల 10 దగ్గరే జాగ్రత్తపడతారు. పదో ప్రశ్నకు ‘ఎప్పుడూ లేదు’ తప్ప మరే జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి.

కాగితంతో పాటు ఒక షరతు ఉంది. జవాబులు తల్లి తనంతట తానే రాయాలి, పక్కవాళ్లతో చర్చించకూడదు. మన పురిటి గదిలో ఇది ఎంత కష్టమో ఆలోచించండి. అమ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ, చూడవచ్చిన చుట్టాలు. ‘ఎలా ఉన్నావమ్మా?’ అంటే జవాబు వాళ్లే ఇచ్చేస్తారు: ‘బానే ఉంది, పాలే సరిగ్గా పడట్లేదు.’ కళ్లు తుడుచుకుంటే ‘మేం కనలేదా పిల్లల్ని?’ ఆ మాటల్లో ప్రేమ ఉంది, కాదనను. కానీ ‘బిడ్డను చూస్తే నాకేమీ అనిపించట్లేదు’ అన్న మాట అంతమందిలో నోరు దాటదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో బయటపడ్డ కారణాలు చూడండి: పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం. వీటిలో ఒక్కటైనా పదిమందిలో చెప్పుకునేదా?

ఈ కాగితం మీద నాకు అభిమానం ఎంతో, మార్కుల మీద అనుమానం అంతే. అంకె రోగ నిర్ధారణ కాదు. అడిగి వదిలేస్తే అడగనట్టే. ఆ సంగతి దాన్ని తయారుచేసినవాళ్లకూ తెలుసు. హోల్డెన్ బృందం 1989లో ఇంకో పరీక్ష ఫలితం ప్రకటించింది. ఇంటింటికీ తిరిగే హెల్త్ విజిటర్లు కుంగిన తల్లుల దగ్గర వారానికోసారి, కనీసం అరగంట చొప్పున, 8 వారాలు కూర్చుని చెప్పింది విన్నారు. ఆ 26 మందిలో 18 మంది కోలుకున్నారు. అలా వినేవారు లేని 24 మందిలో కోలుకున్నది 9 మందే. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పంపితే, బిడ్డకు 6 నెలలు వచ్చేసరికి కుంగుబాటు 23 శాతం తల్లుల్లోనే మిగిలింది. ఆ సాయం అందని చోట 53 శాతం. ఈ ఫలితాలు 2008లో వచ్చాయి.

ఇదేమీ కొత్త జబ్బు కాదు: ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సే 1858లో గర్భిణుల, బాలింతల మానసిక వ్యాధులపై పుస్తకం రాశాడు. లండన్‌లో బ్రైస్ పిట్ 1968లో ప్రసవం తర్వాతి కుంగుబాటును విడిగా వర్ణించాడు. భారత్‌లో 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లుల వివరాలను కలిపి 2017లో లెక్కగడితే 22 శాతం మందిలో ఈ కుంగుబాటు ఉందని తేలింది.

ఇంతమందిని అడగడానికి మన గడపలోకి వచ్చే మనిషి ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు. మూడో నెలలోనో అయిదో నెలలోనో పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లాక, అమ్మ పక్కన లేనప్పుడు, ఈ రాకే ఆసరా కాగలదు. బిడ్డ బరువు తూశాక ఒక్క పదిహేను నిమిషాలు తలుపు దగ్గరకు వేసి తల్లితో విడిగా మాట్లాడాలి. చదవలేని తల్లికి ఆ పది ప్రశ్నలు చదివి వినిపించాలి. అందుకు ఆశాకు శిక్షణ కావాలి, ప్రతిఫలం కావాలి, కేసు పంపడానికి పీహెచ్‌సీలో డాక్టరు కావాలి. ప్రభుత్వాలు చేయాల్సింది ఇదే. ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఆ పదిహేను నిమిషాలు గది ఖాళీ చేయడం.

ఏది మామూలు, ఏది కాదు
కాన్పయిన మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే కుంగుబాటేమో చూపించాలి. అది ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలవొచ్చు. వెయ్యి మందిలో ఒకరిద్దరికి సైకోసిస్ వస్తుంది: నిద్రే ఉండదు, లేని మాటలు వినిపిస్తాయి, బిడ్డ గురించి వింత నమ్మకాలు పుడతాయి. గాలి సోకిందని తిప్పకుండా ఆమెను అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎక్కడ అడగాలి
టెలీ మానస్: 14416. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనూ. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు ఉంది. పాలిచ్చే తల్లికి మందులే వద్దనుకోనక్కర్లేదు. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చేరేది చాలా తక్కువ. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, ఆపకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. చేర్చేటప్పుడే ఆ మాట అడగండి.