‘మొలలేలే’ అనుకునే ముందు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను ముచ్చటించబోయే విషయం భోజనాల వేళ వినదగ్గది కాదు. ఎవరైనా అన్నం ముందు కూర్చుని వుంటే కాసేపు రేడియో గొంతు తగ్గించుకోండి. కట్టెయ్యకండి మాత్రం. ఎందుకంటే ఇలాంటి విషయాలు మనం నలుగురిలో మాట్లాడుకోం, ఇంట్లోనూ మాట్లాడుకోం, ఆఖరికి డాక్టరు దగ్గర కూడా సగమే చెప్పి మిగతా సగం మింగేస్తాం. మా పిన్ని అలా మింగేసిన సగమే నా చేత ఈ ప్రసంగం చేయిస్తోంది.

మా పిన్నిది పల్లె. బస్సెక్కి జిల్లా పట్నానికి రావాలంటే పూట పడుతుంది. మూడేళ్ళ క్రితం ఆవిడకి దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు పడడం మొదలైంది. మొదట వేడి చేసిందనుకుంది. మజ్జిగా, సబ్జాగింజలూ, నానబెట్టిన మెంతులూ అన్నీ అయ్యాయి. ఆ తర్వాత ఊళ్ళో ఆరెంపీ డాక్టరుగారికి, ఆయనతో నేరుగా చెప్పలేక, వాళ్ళావిడ ద్వారా కబురు పెట్టింది. ఆయనా చూడకుండానే ‘మొలలు’ అని చెప్పి ఒక పూతమందూ, మాత్రలూ పంపించాడు. నెత్తురు నాలుగు రోజులు ఆగేది, మళ్ళీ వచ్చేది. కొన్నాళ్ళకి ఆయాసం పట్టుకుంది. ‘ఒంట్లో రక్తం లేదు’ అన్నారు. టానిక్కు సీసాలు వచ్చాయి. రక్తం ఎక్కడికి పోతోందో అడిగినవాళ్ళు లేరు.

ఇలా పధ్నాలుగు నెలలు గడిచాయి. పెళ్ళిలో కలిసినప్పుడు చూస్తే ఆవిడ రవిక భుజాల మీద నిలవడం లేదు. పక్కకి తీసుకెళ్ళి అడిగితే, “ఇది కూడా ఒకరికి చెప్పుకునే విషయమటే?” అంది. పట్నంలో డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని, వేలితో పరీక్ష చేసింది. రెండు నిమిషాలు పట్టిందేమో. “ఇవి మొలలు కావమ్మా” అంది. ముక్క తీసి పరీక్షకి పంపిస్తే పురీషనాళపు కాన్సర్ అని తేలింది. మూడో దశ.

మూడో దశ అంటే ఏమిటో చెప్పాలంటే ముందు పేగు సంగతి చెప్పాలి. మన పెద్దపేగు సుమారు అయిదడుగుల పొడవు వుంటుంది. దాని చివర జానెడు కంటే తక్కువ భాగాన్ని పురీషనాళం అంటారు. లోపలి పొరమీద ఒక్కొక్కరికి చిన్న చిన్న బుడిపెలు మొలుస్తాయి. చాలావాటితో ఏ బాధా వుండదు. ఏదో ఒకటి మాత్రం పెరిగి పెరిగి కాన్సర్‌గా మారుతుంది. అలా మారడానికి సామాన్యంగా పదేళ్ళ దాకా పడుతుందట. చూడండి, పదేళ్ళు! అంత సావకాశం ఇచ్చే జబ్బులు ఎన్ని వుంటాయి చెప్పండి? పుట్టిన చోటే పేగు గోడలో వుంటే అది మొదటి రెండు దశలు. దగ్గరి గ్రంథులకి పాకితే మూడోది. కాలేయానికో ఊపిరితిత్తులకో చేరితే నాలుగోది. అమెరికా లెక్కల ప్రకారం పుట్టిన చోటే పట్టుకుంటే అయిదేళ్ళ తర్వాత నూటికి తొంభై మంది బ్రతికి వుంటున్నారు. దూరపు అవయవాలకి పాకాక పట్టుకుంటే ఆ తొంభై కాస్తా పదిహేను దగ్గర ఆగుతోంది. జబ్బు ఒకటే, తేడా అంతా ఎప్పుడు బయటపడిందన్న దాంట్లోనే వుంది.

పిన్ని ఆలస్యానికి నేను మొదట పల్లెనే తిట్టుకున్నాను. పట్నంలో వుంటే ఇలా అయ్యేది కాదు గదా అని. తర్వాత అమెరికాలో వున్న మా మరిది కూతురు ఒక పరిశోధన సంగతి చెప్పింది. ఆ పిల్ల అక్కడ ఆసుపత్రి లెక్కల్లోనే పనిచేస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో సారా మెక్‌లాఫర్టీ, ఫహూయ్ వాంగ్ అనే ఇద్దరు ఈ ప్రశ్న మీదే కూర్చుని 2009లో ఫలితాలు ప్రకటించారు. పెద్దపేగు, రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేటు కాన్సర్లు నాలుగింటిలోనూ ముదిరాక బయటపడినవి ఏ ప్రాంతంలో ఎక్కువా అని చూశారు. పల్లెల్లో ఎక్కువ వుంటాయనే ఎవరైనా అనుకుంటారు. తేలిందేమిటంటే అందరికంటే ఆలస్యం షికాగో మహానగరంలో! నగరం నుంచి పల్లెల వైపు వెళ్తున్న కొద్దీ ఆలస్యం తగ్గుతూ వచ్చి, బొత్తిగా మారుమూల వూళ్ళకి చేరేసరికి మళ్ళీ కాస్త పెరిగింది. కొన్ని కాన్సర్లలో ఈ తేడా అక్కడివాళ్ళ వయసు వల్లా, జాతి వల్లా వచ్చింది. మరికొన్నింటిలో అవీ, పేదరికమూ, ఆసుపత్రి దూరమూ అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడా మిగిలే వుంది.

అంత పెద్ద ఆసుపత్రులున్న నగరంలో ఆలస్యమేమిటని నేనూ ఆశ్చర్యపోయాను. కాని మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ పెనిమిటి సంగతి గుర్తుకొచ్చాక ఆశ్చర్యం పోయింది. వాళ్ళ బస్తీకి పెద్దాసుపత్రి నడిచివెళ్ళేంత దూరం. అతను మేస్త్రీ కింద కూలి. ఓ.పీ. వరసలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, పరీక్షకి మళ్ళీ రమ్మంటే మరో రోజు పోతుంది. “ఎల్లుండి పోతాలే” అంటూ ఏడాది గడిపాడు. ఆఖరికి పేగు మూసుకుపోయి, పొట్ట వుబ్బి, రాత్రికి రాత్రి మోసుకెళ్ళవలసి వచ్చింది. అప్పటికే కాలేయానికి పాకింది. మా పిన్నికి ఆసుపత్రి పూట ప్రయాణం, అతనికి పావుగంట నడక. ఇద్దరూ ఏడాది పైనే ఆలస్యంగా వెళ్ళారు. అందుకని దూరాన్ని కిలోమీటర్లలోనే కొలవకూడదని నాకనిపించింది.

అలాగని పల్లెల కష్టం తక్కువని కాదు. అదే అమెరికాలో 2015లో ఈ జబ్బుతో చావులు ఎక్కువగా వున్న ప్రాంతాలు మూడింటిని పటం మీద గుర్తించారు. మిసిసిపీ నది దిగువ ప్రాంతం, అపలాచియా కొండల్లో ఒక భాగం, వర్జీనియా–ఉత్తర కరోలినా తూర్పు భాగం. ఎక్కువగా పల్లెటూళ్ళూ, పేదవాళ్ళూ వున్న ప్రాంతాలు. మిసిసిపీ పక్కన చావులు మామూలు ప్రాంతాల కంటే 40 శాతం ఎక్కువ. ఆ అపలాచియా కొండలు కొంత పడేది కెంటకీ రాష్ట్రంలోనే. 1999లో అక్కడ ఈ పరీక్ష చేయించుకోవలసినవాళ్ళలో మూడోవంతు మందే చేయించుకునేవారు. డాక్టర్లూ, ఆరోగ్యశాఖవాళ్ళూ, జబ్బు తగ్గినవాళ్ళూ కలిసి పట్టుదలగా తిరిగితే పదేళ్ళలో అది మూడింట రెండువంతుల దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత జబ్బూ, చావులూ కూడా దాదాపు నాలుగోవంతు తగ్గాయి. కొండలు కరిగిపోలేదు, వూళ్ళు దగ్గరికి జరగలేదు. మనుషులు వెళ్ళి అడిగారు, అంతే.

ఇక మన సంగతి. మన దేశంలో పెద్దపేగు కాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే చాలా తక్కువ. అందులోనూ నగరాల కంటే పల్లెల్లో ఇంకా తక్కువ. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా బార్షీలో గ్రామాల కోసమని 1987లో కాన్సర్ లెక్కలు రాయడం మొదలుపెట్టారు. ఆ లెక్కల్లో యీ జబ్బు బొంబాయి, మద్రాసు నగరాల కంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. ఇది సంతోషించవలసిన మాటే. కాని దీనివల్లనే ఒక చిక్కు వచ్చి పడింది. అరుదైన జబ్బు కాబట్టి ఎవరికీ తట్టదు. మొలలు ఇంటింటా వున్నవే కాబట్టి ముందు అవే తడతాయి. ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవాళ్ళకి చేయించే కాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఈ మూడే వున్నాయి. పేగు లేదు. జపానులో 1992 నుంచి మలంలో కంటికి కనపడని నెత్తుటిని కనిపెట్టే పరీక్ష దేశమంతటా చేస్తున్నారు. అమెరికాలో 45 ఏళ్ళు నిండినవాళ్ళందరినీ చేయించుకోమంటున్నారు. అక్కడ వున్న మన తెలుగువాళ్ళకి పరీక్ష డబ్బా పోస్టులో ఇంటికే వస్తుంది. మన ఆశా కార్యకర్త సంచీలో ఆ డబ్బా లేదు. అందుచేత మనకి వున్న కాపలా అంతా మన కళ్ళూ, మన నోరూనూ.

కళ్ళు అన్నాను గదా, దాని గురించి ఒక మాట. మొన్న మొన్నటిదాకా పల్లెల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందో, పొద్దుగూకాకో చెంబు పట్టుకుని చెలకల్లోకి వెళ్ళేవాళ్ళు. ఆ చీకట్లో నెత్తురేదో, మట్టేదో ఎవరికి కనపడుతుంది? మా పిన్నికి కూడా ఇంట్లో మరుగుదొడ్డి కట్టించాకే నెత్తురు కంటబడింది. అంతకుముందు ఎన్నాళ్ళుగా పోతోందో ఆవిడకే తెలియదు. మరుగుదొడ్డివల్ల మానం దక్కింది, జబ్బులు తగ్గాయి అంటారు. నా దృష్టిలో ఇదీ ఒక లాభమే. నీళ్ళు పోసే ముందు ఒక్కసారి చూడండి. అసహ్యపడకండి. చంటిపిల్లలది చూసి అరిగిందో లేదో చెప్పే మనకి మనది చూసుకోవడానికి సిగ్గెందుకు?

అయితే నెత్తురు కనపడగానే కాన్సరని బెంబేలు పడిపోవద్దు. నూటికి చాలామందిలో అది మొలలో, చీలికో అవుతుంది. చూసి చెప్పాలి గాని వినగానే చెప్పకూడదు, నా ఫిర్యాదంతా అదే. రెండు మూడు వారాలు దాటినా నెత్తురు ఆగకపోతే, లేక ఆగి ఆగి వస్తుంటే, వేలితో పరీక్ష చేయమని మీరే నోరు తెరిచి అడగండి. మన ఆసుపత్రులకి వచ్చేవాళ్ళలో పురీషనాళపు కాన్సర్ల పాలు చాలా పెద్దది. వాటిలో చాలావరకు వేలికి అందేంత దూరంలోనే వుంటాయి. ఇందుకు యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మగ డాక్టరైతే పక్కన నర్సునో, తోడొచ్చిన మనిషినో వుండమనండి.

నెత్తురు పైకి కనపడని రకం ఇంకొకటి వుంది. పేగు మొదట్లో, అంటే పొట్టకి కుడివైపున వచ్చే కాన్సర్‌లో నెత్తురు కొంచెం కొంచెంగా కారుతూ మలంలో కలిసిపోతుంది. మనిషి తెల్లబడి, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత మామూలే కాబట్టి ఐరన్ మాత్రలు చేతిలో పెడతారు. బహిష్టులు ఆగిపోయిన ఆడమనిషికి, లేదా ఏ వయసు మగవాడికైనా, కారణం తెలియకుండా రక్తం తగ్గితే మాత్రలతో సరిపెట్టకూడదు. ఎక్కడ పోతోందో వెతకాలి. రోజూ వెళ్ళే తీరు మారిపోయి కొన్ని వారాలు అలాగే వుండడం, వెళ్ళొచ్చినా ఇంకా వున్నట్టే అనిపించడం, ఊరికే బరువు తగ్గిపోవడం, ఇవీ గమనించుకోవలసినవే. ‘ముసలివాళ్ళ జబ్బు గదా’ అనుకోకండి. ముంబయి టాటా ఆసుపత్రికి యీ జబ్బుతో వచ్చిన 800 మంది వివరాలు చూస్తే సగటు వయసు 47. వాళ్ళలో సగం మందికి పైగా మొదట చెప్పింది నెత్తురు పడుతోందనే.

వేలికి అందని చోటయితే కొలనోస్కోపీ అనే పరీక్ష వుంది. చివర దీపమున్న సన్నటి గొట్టంతో పేగంతా చూస్తారు. ముందురోజు మందు తాగి పేగు శుభ్రం చేసుకోవడమే విసుగు. బుడిపె కనిపిస్తే చాలావరకు అప్పుడే తీసేస్తారు, అంటే కాన్సర్ కాకముందే దాన్ని తుంచేసినట్టు. పల్లెలకి అసలు దూరం ఇక్కడే వచ్చింది. ఈ గొట్టం చేతబట్టే డాక్టర్లు పట్నాల్లోనే వున్నారు. ఆపరేషన్, రేడియేషన్, మందులు ఆరోగ్యశ్రీలో, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, ఉచితంగా జరుగుతాయి. మా పిన్నికీ అలాగే జరిగాయి. జబ్బు తేలడానికి ముందు పరీక్షలకీ, బస్సులకీ, తోడుండేవాళ్ళ తిండికీ మాత్రం చేతిలోంచే పడింది. వెళ్దామా వద్దా అని మనిషి వెనకాడేది సరిగ్గా ఆ మొదటి ఖర్చు దగ్గరే. ఈ మాట వినేవాళ్ళలో అధికారులెవరైనా వుంటే ఆలోచించవలసింది.

బార్షీ సంగతి ఇంకొకటి చెప్పడం మరిచాను. అక్కడ లెక్కలు రాసే ఉద్యోగులు ఊరూరా తిరిగి లక్షణాలు చెప్పి, అనుమానం వున్న ఆడవాళ్ళని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారు. కొన్నేళ్ళకే గర్భాశయ ముఖద్వారపు కాన్సర్ తొలి దశల్లో బయటపడడం ఎక్కువైంది. వాళ్ళు ఇంటింటికీ మోసుకెళ్ళింది యంత్రాలని కాదు, మాటనే. పేగు విషయంలో కూడా మన వూళ్ళల్లో ఏ.ఎన్.ఎం.లకీ, ఆశాలకీ, ముఖ్యంగా ఆరెంపీలకీ, ‘చూడకుండా మొలలని చెప్పకండి’ అన్న ఒక్క మాట నేర్పడానికి ఎంత ఖర్చవుతుంది?

మా పిన్నికి అయిదు వారాలు రేడియేషన్ ఇచ్చారు. ఆ అయిదు వారాలూ ఆసుపత్రి పక్కన గది అద్దెకి తీసుకుని వున్నారు. ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. పురీషనాళం తీసేయడంతో పొట్టమీద ఎడమపక్క సంచీ పెట్టారు. మొదట్లో ఎవరింటికీ వెళ్ళేది కాదు. ఇప్పుడు చీర కుచ్చెళ్ళు కాస్త పక్కకి సర్దుకుని పేరంటాలకి కూడా వస్తోంది. ఆర్నెల్లకోసారి పరీక్షకి వెళ్తోంది. ఇంతవరకు బాగానే వుంది.

ఆవిడ కూతురికి, అంటే మా చెల్లెలికి, ఇప్పుడు ముప్ఫైతొమ్మిది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వస్తే మిగతావాళ్ళు నలభయ్యో ఏట, లేదా జబ్బు వచ్చినవాళ్ళ వయసుకి పదేళ్ళ ముందు, రెండింట్లో ఏది ముందయితే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. దానికి ఒంట్లో ఏ బాధా లేదు, మొగుడు ‘ఇప్పుడెందుకే’ అంటున్నాడు. వచ్చే దసరా సెలవులకి పరీక్షకి రోజు తీసుకున్నాం. తోడు నేనే వెళ్తున్నాను.